1974 అంబాసిడర్ మార్క్ 2: ఇంజిన్ మార్చాలా, మొదట కింద సస్పెన్షన్ పని చేయించాలా?

కావలి_మార్క్2:
బండి 1974 మార్క్ 2. 1489 సీసీ బీఎంసీ పెట్రోలు, 4 గేర్లు, డైనమో, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. తుప్పు పని, పెయింటు అయిపోయాయి. ఇంజిన్ లాగట్లేదు, ముందు చక్రాలు ఊగుతున్నాయి. నెలకు నాలుగైదు సార్లు హైవే మీద నెల్లూరు, ఒంగోలు తిరగాలి. మే నెలలో కూడా 80లో నిలకడగా పోతే చాలు. ఆటోనగర్‌లో మూడు దారులు చెప్తున్నారు: ఇసుజు 1.8 విత్ 5 గేర్లు, మారుతి జిప్సీ 1.3 ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్షన్), జపాన్ నుంచి వచ్చిన పాత టయోటా డీజిల్. ముందు చక్రాల టోర్షన్ బార్లు (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) పీకేసి కాయిల్ స్ప్రింగులు పెట్టిస్తామని ఇంకొకరు. తెలిసినవాళ్లు చెప్పండి.

కాగితాల_పిచ్చి:
స్పానర్ పట్టుకునే ముందు ఆర్సీ చూడండి సార్. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. పెట్రోలు బండికి డీజిల్ ఇంజిన్ అంటే ఇంధనమే మారుతుంది, ఆ మూడో దారిని ఇక్కడే వదిలేయండి. ఇసుజు అయినా సీసీ మారుతుంది కాబట్టి, పని మొదలుపెట్టక ముందే ఆర్టీవో నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఇన్సూరెన్సు వాళ్లకూ చెప్పాలి.

ఇంకొకటి. మీ బండికి 50 ఏళ్లు దాటాయి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి వయసు సరిపోతుంది. ఫీజు 20,000, పదేళ్లకు చెల్లుతుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చని బండికే ఇస్తారు, పైగా దాన్ని రోజువారీ వాడకానికి తిప్పకూడదు. ఇంజిన్ మారిస్తే ఆ తలుపు మూసుకున్నట్టే.

పాత ఇంజిన్ కొంటే అమ్మినవాడి బిల్లు, ఆ బండి ఆర్సీ రద్దయిన కాగితం చేతికి రాకుండా డబ్బు కట్టొద్దు. బ్లాకు మీద నంబరు ఎవరైనా అరగదీసి ఉంటే ఇంజిన్ ఎంత బాగున్నా అక్కడినుంచి వచ్చేయండి.

ఒంగోలు_స్పానర్:
డీజిల్ పోయింది కాబట్టి మిగిలిన రెండూ చూద్దాం.

జిప్సీ జీ13బీబీ ఇంజిన్‌కి 80 హెచ్‌పీ అని చూసి మోసపోవద్దు. టార్క్ 103 ఎన్ఎం, అదీ 4500 ఆర్‌పీఎం దగ్గర. టన్ను పైన బరువున్న బండిని నలుగురితో ఉదయగిరి వైపు ఎక్కించాలంటే ఇంజిన్‌ని ఏడిపించాలి. రెండో చిక్కు గేర్ల లెక్క. జిప్సీలో గేరుబాక్స్ వేరు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె) వేరు. ఆ కేస్ హై రేంజిలోనే 1.4 దాకా తగ్గింపు ఇస్తుంది. అది తీసేసి గేరుబాక్స్‌ని నేరుగా ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి (వెనక యాక్సిల్‌ని తిప్పే పొడవాటి కడ్డీకి) కలిపితే మొదటి గేరు బరువైపోతుంది, కదిలించిన ప్రతిసారీ క్లచ్ కాలుతుంది. స్పీడోమీటర్ కేబులూ కేస్ నుంచే వస్తుంది, అదీ పోతుంది. జిప్సీ ఇంజిన్ పద్మినికి బాగుంటుంది. అంబాసిడర్‌కి కాదు.

ఇసుజు 1.8 (1817 సీసీ, 75 హెచ్‌పీ) 90ల నుంచి అంబాసిడర్‌లోనే వచ్చింది. బాడీ మూలం ఒకటే కాబట్టి కోతలు తక్కువ. కానీ ఇంజిన్ ఒక్కటే కొనకండి. గేరుబాక్స్, బెల్ హౌసింగ్, మౌంటింగులు, క్రాస్ మెంబరు (కింది అడ్డ దూలం), ప్రొపెల్లర్ షాఫ్ట్, రేడియేటర్, ఎయిర్ ఫిల్టర్, వైరింగు, అన్నీ ఒకే బండివి ఒకేసారి తీసుకోవాలి. విడివిడిగా ఏరుకుంటే ఇంజిన్ ఖరీదు కంటే లేత్ పని ఎక్కువవుతుంది.

లేత్_పని:
కూర్చోబెట్టేటప్పుడు చూడాల్సినవి.

ఆయిల్ పాన్‌కీ క్రాస్ మెంబరుకీ మధ్య కనీసం 20–25 మి.మీ. సందు. ఇంజిన్ రబ్బర్ల మీద ఊగుతుందని మర్చిపోయి ఆనించి పెడతారు, బ్రేకు కొట్టినప్పుడల్లా టంగుమంటుంది.

గేరుబాక్స్ వెనక ఫ్లాంజి, యాక్సిల్ పినియన్ ఫ్లాంజి ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, తేడా 1 డిగ్రీకి మించకూడదు. షాఫ్ట్ కొసల్లో మడిచే కీళ్లు, అంటే క్రాసుల దగ్గర వంపు 1 నుంచి 3 డిగ్రీలు. ఇది తప్పితే 60 దాటగానే సీటు కింద గుర్రుమంటుంది. చక్రాలు బ్యాలెన్స్ చేయించి చేయించి విసిగిపోతారు గానీ జబ్బు అక్కడ ఉండదు. బండి నేల మీద, దాని బరువు మీద నిలబడినప్పుడే కొలవాలి. జాకీ మీద కొలిస్తే తప్పుడు లెక్కే.

షాఫ్ట్ పొడవు సరిచేస్తే స్ప్లైన్ (జారే పళ్ల జాయింటు) లోపలికి ఇంకా 20–25 మి.మీ. జరిగే చోటు ఉంచి, తప్పకుండా బ్యాలెన్స్ చేయించాలి.

యాక్సిల్ నిష్పత్తి (వెనక చక్రాలు రెండూ ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ తిరిగే చుట్లు) తెలియకపోతే: న్యూట్రల్‌లో ఒక వెనక చక్రం మాత్రం లేపి, రెండోది నేల మీదే ఉంచి, లేపిన చక్రాన్ని 2 చుట్లు తిప్పండి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే నిష్పత్తి. 4.5 వచ్చి, టైరు చుట్టుకొలత 2 మీటర్లు అనుకుంటే, 80లో టాప్ గేరులో ఇంజిన్ సుమారు 3000 తిరుగుతుంది. 0.85 అయిదో గేరు ఉంటే 2550. హైవే మీద 5 గేర్ల సుఖం అదే.

ఇంజిన్ నుంచి బాడీకి ఎర్త్ పట్టీ వేయడం మర్చిపోతారు. సెల్ఫ్ కొట్టగానే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. కేబుల్ పొగలొస్తే ముందు చూడాల్సింది అదే.

కమాను_కట్ట:
అందరూ ఇంజిన్ మీదే పడ్డారు. చక్రాలు ఊగే బండికి మొదట చేయాల్సింది కింద సస్పెన్షన్ పని.

టోర్షన్ బార్లు పీకించకు తమ్ముడూ. ఆ బరువు మోయడానికి ఛాసిస్ కట్టింది బార్ల లెక్కలో. కాయిల్ పెడితే భారం పైకి, ఫెండర్ పలక వైపు పోతుంది, అది అందుకు చేసింది కాదు. ఊగుడుకి కారణం బార్లు కాదు. కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకు తిరిగే నిలువు ఇరుసు), దాన్ని పట్టుకునే ట్రనియన్ మరలు, బుష్షులు, స్టీరింగ్ బాక్స్. చక్రాన్ని లేపి పైన, కింద పట్టి ఆడించు. ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమను. అయినా ఆట ఉంటే పిన్నుది, పోతే బేరింగుది. ట్రనియన్ మరలు అరిగిపోతే ఒకరోజు చక్రం పక్కకి వాలిపోతుంది, కాబట్టి అది వాయిదా వేసే పని కాదు. 1500 కి.మీ.కొకసారి గ్రీజు, అదీ చక్రం గాల్లో ఉన్నప్పుడు. ఇస్కపల్లి, కొత్తపట్నం వైపు ఉప్పు గాలి తగిలే బండికి ఇంకా ముందే.

బార్లు తీయాల్సి వస్తే ఎడమ, కుడి, ముందు, వెనక పెయింటుతో గుర్తు పెట్టు. ఇన్నేళ్లు ఒకవైపు మెలి తిరిగిన బార్‌ని రెండోవైపు వేస్తే పట్టు పోయి కుంగిపోతుంది, విరిగినా విరుగుతుంది. ఉలి గుర్తు, వెల్డింగు చుక్క పడనివ్వద్దు. పగులు అక్కడే మొదలవుతుంది.

టెలిస్కోపిక్ షాకులు (గొట్టంలా సాగి ముడుచుకునే షాక్ అబ్జార్బర్లు) అదనంగా పెట్టుకోవచ్చు. కానీ పాత లీవర్ షాకు తీసేయడానికి లేదు, సస్పెన్షన్‌కి పై చెయ్యి అదే. దాన్ని ఉంచి, నూనె ఉంచి (బేరింగుకి అదే తడి), కొత్తదాన్ని కింది ఆర్మ్‌కీ ఛాసిస్‌కీ 5 మి.మీ. పలకతో బ్రాకెట్ చేసి కలపాలి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు, పూర్తిగా పైకి తోసినప్పుడు రెండు కొలతలూ తీసుకో. షాకు పూర్తిగా సాగిన పొడవు వేలాడే కొలత కంటే 15 మి.మీ. ఎక్కువ, పూర్తిగా ముడుచుకున్నది పైకి తోసిన కొలత కంటే 15 మి.మీ. తక్కువ ఉండాలి. లేకపోతే చీమకుర్తి గ్రానైట్ లారీలు తొక్కిన రోడ్డు మీద బ్రాకెట్ ఊడి చేతికొస్తుంది.

వెనక కమాన్లకు ఇంకో పట్టీ వేయించమంటారు. వద్దు. ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. వంపు పోయిన కట్టను మళ్లీ వంచించి, పట్టీల మధ్య తుప్పు గీకించి, షాకిల్ బుష్షులు కొత్తవి వేసుకుంటే చాలు. యూ బోల్టులు 500 కి.మీ. తర్వాత మళ్లీ బిగించాలి.

ఎర్రని_పెడల్:
బ్రేకు గురించి ఒక్క మాట. చివరి తరం అంబాసిడర్ల డిస్కులు, బూస్టర్ పెట్టేటప్పుడు పాత మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు నూనెను తోసేది) అలాగే వదలకూడదు. డ్రమ్ములకని అందులో 10 పీఎస్ఐ దాకా ఒత్తిడి ఆపే వాల్వు ఉంటుంది, దానివల్ల ప్యాడ్లు ఎప్పుడూ రుద్దుకుంటూ వేడెక్కుతాయి. మాస్టర్ బండి ఫ్లోర్ కింద, క్యాలిపర్ (డిస్కుని ప్యాడ్లతో పట్టేది) కంటే కిందికి ఉంటే, డిస్కుల లైనులో 2 పీఎస్ఐ వాల్వు కావాలి. అది లేకపోతే నూనె వెనక్కి జారి పెడల్ మొదటి తొక్కుకు లోపలికి పోతుంది.

ఒంగోలు_స్పానర్:
ఎండ సంగతి. రేడియేటర్ మూడు వరసల కోర్, ముందు గ్రిల్ నుంచి వచ్చిన గాలి పక్కలకు పోకుండా రేకు. ఎలక్ట్రిక్ ఫ్యాను పెడితే 30 ఆంపుల రిలే, 4 చదరపు మి.మీ. వైరు. డైనమో మీద ఆ ఫ్యాను నడవదు సామీ, 55 ఆంపుల ఆల్టర్నేటర్ కావాలి. పాత రేడియేటర్‌కి 0.9 బార్ మూత పెట్టొద్దు, అతుకులు విప్పుకుంటాయి. కనిగిరి వైపు బోరు నీళ్లు పోస్తే రెండేళ్లలో లోపల సున్నం పేరుకుపోతుంది. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్లో కూలెంట్ కలిపి పోయాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) కాబట్టి పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రం కూడా దానికి తట్టుకునేవే వేయించండి.

అసలు ఒకటి అడగాలి. కంప్రెషన్ (ఒక్కో సిలిండర్లో ఒత్తిడి) చూశారా? వేడి ఇంజిన్, అన్ని ప్లగ్గులూ తీసి, త్రోటిల్ పూర్తిగా తొక్కి, 5–6 చుట్లు.

కావలి_మార్క్2:
ఈరోజు చూపించాను. 1: 125, 2: 120, 3: 70, 4: 75 పీఎస్ఐ. 3, 4లో చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తే పెద్దగా పెరగలేదు.

ఒంగోలు_స్పానర్:
అయితే ఆగండి. ఆయిల్ పోస్తే పెరిగుంటే రింగులు. పెరగలేదు, పైగా తగ్గింది పక్కపక్క సిలిండర్లలో. ఆ రెండింటి మధ్య హెడ్ గాస్కెట్ తెగి ఉండాలి, కాకపోతే వాల్వులు. హెడ్ విప్పితే తేలిపోతుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, సందులో 0.1 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పలుచని రేకు) దూరితే ఫేసింగ్ కొట్టించండి, అంటే హెడ్ అడుగు చదును చేయించండి. ఎటూ విప్పారు కాబట్టి ఎగ్జాస్టుకి గట్టి సీటు రింగులు వేయించండి. సీసం లేని పెట్రోలుకి పాత సీట్లు లోపలికి తినేస్తాయి. సిలిండర్ల లోపలి గోడల మీద గీతలు లేకపోతే పిస్టన్ల జోలికి పోనక్కర్లేదు.

కాగితాల_పిచ్చి:
ఇదే కుదిరితే ఆర్సీకి ఏ ఇబ్బందీ లేదు.

కావలి_మార్క్2:
ప్లగ్గులకు కరెంటు పంచే పాత పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ తీసేసి ఎలక్ట్రానిక్‌ది పెట్టొచ్చా మరి?

లేత్_పని:
పెట్టొచ్చు. ముందు బ్యాటరీలో ఏ కొస బాడీకి కట్టారో చూడండి. ప్లస్ బాడీకి ఉంటే దాన్ని మార్చాకే పెట్టాలి, లేదంటే తాళం తిప్పిన క్షణంలో మాడిపోతుంది. ఇగ్నిషన్ కాయిల్ 3 ఓములదా, 1.5దా మీటరుతో కొలవండి. కిట్ మీద ఏది రాసుంటే అదే వాడాలి.