ఎవరూ ముట్టకుండానే నొక్కుకుంటున్న ఇండక్టివ్ బటన్

ప్రశ్న (దేవరకొండ నుంచి):
మా బోరు మోటారు స్టార్టర్ డబ్బాలోకి దుమ్మూ వాననీరూ చేరకుండా రంధ్రాలు లేని అల్యూమినియం రేకును మూతగా బిగించి, దాని వెనుక మూడు కాయిల్‌లతో ఇండక్టివ్ టచ్ బటన్లు (వేలితో అదిమితే రేకు కాస్త వంగడాన్ని కాయిల్‌తో పసిగట్టేవి) తయారు చేసుకున్నాను. చేయి తడిగా ఉన్నా అవి పనిచేస్తున్నాయి. అయితే మధ్యాహ్నం మూత మీద ఎండ సూటిగా పడే వేళ నడిమి బటన్ ఎవరూ ముట్టకుండానే నొక్కినట్టు నమోదవుతోంది. కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) పడిన క్షణంలోనూ ఒక్కోసారి అదే జరుగుతోంది. థ్రెషోల్డ్ (నొక్కినట్టు లెక్కించే హద్దు) పెంచితే ఆ బాధ తగ్గుతుంది గానీ, అప్పుడు మా నాయన గట్టిగా అదిమినా బటన్ పలకదు. ఏం చేయాలి?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి):
థ్రెషోల్డ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. రేకు కాయిల్‌కు దగ్గరైనప్పుడు రేకులో పుట్టే ఎడ్డీ కరెంట్ల (సుడి ప్రవాహాల) వల్ల కాయిల్ ఇండక్టెన్స్ తగ్గి, దాని సర్క్యూట్ కంపించే పౌనఃపున్యం పెరుగుతుంది. కాయిల్‌ను చదివే చిప్ చూసేది ఆ పెరుగుదలనే తప్ప, రేకును వంచినది వేలా ఎండా అన్నది దానికి తెలియదు. అల్యూమినియం ఒక డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది కనుక, 200 మిల్లీమీటర్ల రేకు 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.14 మిల్లీమీటర్లు పెరుగుతుంది. నాలుగు మూలలా మరలు బిగించి ఉంటే పక్కలకు చోటు లేక అది నడుమ వంగుతుంది, కొన్నిసార్లు ఒక్కసారిగా వంగుతుంది. రేకుల ఇంటి కప్పు మధ్యాహ్నం టక్కుమనడం మనం ఎరిగినదే. నెమ్మదిగా కదిలే బేస్‌లైన్ (ఎవరూ ముట్టనప్పటి కొలత) వేడి మార్పును సర్దుకుంటుంది గానీ, ఆ టక్కును సర్దుకోలేదు.

కాబట్టి ఒక మూల మాత్రమే గట్టిగా బిగించి, మిగిలిన చోట్ల మర రంధ్రాలను పొడుగ్గా కోయండి. కాయిల్‌లకు మధ్య గట్టి స్పేసర్ (ఎడం నిలిపే ముక్క) అతికించండి. మెత్తటి ఫోమ్ టేపు పనికిరాదు, ఒక బటన్ నొక్కితే పక్కది కూడా వంగుతుంది. ఆ తరువాతే ప్రోగ్రాము సంగతి: మూడు బటన్లూ కలిసి పెరిగితే ఏదీ లెక్కించవద్దు, రెండు పెరిగితే పెద్దదాన్నే తీసుకోండి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఎల్‌డీసీ2114 చిప్‌లో ఇటువంటి సదుపాయాలు ముందే ఉన్నాయి.

జవాబు (సూర్యాపేట నుంచి):
కాంటాక్టర్ విషయంలో కారణం అదురా, విద్యుత్ రొదా అన్నది ముందు తేల్చుకోండి. కాంటాక్టర్‌కు కరెంటు తీసివేసి, బటన్ల సర్క్యూట్‌ను మాత్రం నడుపుతూ డబ్బాను పిడికిలితో తట్టండి. తప్పుడు నొక్కుడు వస్తే అదురే కారణం, రాకపోతే కాంటాక్టర్ కాయిల్‌కు స్నబ్బర్ (విద్యుత్ రొదను అణిచే చిన్న సర్క్యూట్) పెట్టి చూడండి. ఏదైనా సరే, మోటారును ఆపే బటన్ మాత్రం మామూలు మెకానికల్‌దే ఉండాలి. దాన్ని టచ్‌కు వదలడం నాకు సమ్మతం కాదు.

ప్రశ్న అడిగినవారు:
మూడు మర రంధ్రాలను ఆకురాయితో పొడుగు చేశాను; రెండు రోజులుగా మధ్యాహ్నపు బాధ లేదు. పిడికిలితో తట్టితే మాత్రం నొక్కుడు పడింది కనుక, స్టార్ట్ బటన్‌ను అర సెకను పట్టి ఉంచితేనే లెక్కించేటట్టు మార్చాను. ఆపడానికి ఎర్ర పుష్ బటన్ విడిగా పెట్టాను. స్పేసర్ ఇంకా అతికించవలసి ఉంది.