నామినీ ఉంటే వీలునామా అక్కర్లేదా?

ప్రశ్న (మూడోవాడు):
నాకు 58 ఏళ్లు. ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు. వీలునామా మాట ఎత్తితే మా ఆవిడ "ఇప్పుడెందుకా అపశకునపు మాటలు" అని కసిరింది. కానీ మా నాన్నగారి కాగితం నన్ను వదలడం లేదు. ఆయన పోయాక పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో రాసిన రెండు ముక్కలు దొరికాయి: ‘ఇల్లు పెద్దవాడికి. మిగతాది అందరికీ.’ సంతకం లేదు, తేదీ లేదు. ఇంటి పక్క ఖాళీ స్థలం ‘ఇల్లు’లోకి వస్తుందా, ‘మిగతాది’లోకా? ఆ ఒక్క ప్రశ్నతో అన్నదమ్ములం ముగ్గురం నాలుగేళ్లు మాట్లాడుకోలేదు. నా బ్యాంకు ఖాతాకు నామినీగా పెద్దమ్మాయి పేరు ఉంది. అది చాలదా?

జవాబు (విశ్రాంత గుమాస్తా):
చాలదండీ. నామినీ చేతికి సొమ్మిచ్చి బ్యాంకు తన పని ముగించుకుంటుంది. ఆ సొమ్ము ఆమె ఒక్కతిదేనా, వారసులందరిదీనా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. ఇల్లూ బంగారమూ ఎలాగూ ఆ ఖాతాలో లేవు కదా.

ముందు జాబితా రాయండి. ‘ఇల్లు’ అని వదిలేయకండి, దస్తావేజు నంబరు, హద్దులు వేయండి. ఖాళీ స్థలం ఉంటే దానికి వేరే పేరా. అప్పులు కూడా చేర్చండి, పంపకానికి ముందు తీరవలసినవి అవే. ఎవరికైనా తక్కువ ఇస్తుంటే పేరు రాసి, కారణం ఒక వాక్యంలో చెప్పండి. లేకపోతే ‘మతిమరుపులో రాశారు’ అని వాదన లేస్తుంది. జాబితాకు ఎక్కనివి ఎవరికో చివర్లో చెప్పండి. ‘మిగతాది’ అనే మాటకు చోటు అక్కడే.

సాక్షులు చాలా దేశాల్లో ఇద్దరు కావాలి. వాళ్ల కళ్లెదుటే మీరు సంతకం చేయండి. ఆస్తి వచ్చేవాళ్లనూ, వాళ్ల భార్యాభర్తలనూ సాక్షులుగా పెట్టుకోకండి. వయసులో మీకంటే చిన్నవాళ్లయితే మరీ మంచిది. నేను చూసిన ఒక కేసులో సాక్షులిద్దరూ రాసినాయన ఈడువాళ్లే, ఆయనకంటే ముందే పోయారు. ఆ సంతకం ఆయనదేనని చెప్పే మనిషి లేక పాత చెక్కులు వెతికి పక్కన పెట్టి చూడవలసి వచ్చింది.

జవాబు (పాత పుస్తకాల పురుగు):
లింకన్ స్వయంగా న్యాయవాది. అయినా 1865లో వీలునామా లేకుండానే పోయారు. తన ఆస్తితో బహుమతులివ్వాలన్న వీలునామాను నోబెల్ 1895లో వకీలు సాయం లేకుండా సొంతంగా రాసుకున్నారు, నలుగురు సాక్షుల సంతకాలున్నాయి. అయినా బంధువులు అడ్డుపడ్డారు, తొలి బహుమతులు 1901లో గానీ ఇవ్వలేకపోయారు. సొంతంగా రాసినా, ఒకసారి వకీలుకు చూపించండి.

మూడోవాడు:
జాబితా మొదలుపెట్టి రెండు పేటల గొలుసు దగ్గరే ఆగిపోయాం. నేను దాన్ని చిన్నమ్మాయికిస్తానని మాటిచ్చాను. మా ఆవిడ పెద్దమ్మాయికి మాటిచ్చిందట! ఏమని రాయను?

విశ్రాంత గుమాస్తా:
గొలుసు ఎవరిదండీ? ఆవిడదైతే మీ వీలునామాలో దాన్ని రాసే హక్కు మీకు లేదు. ఆవిడ వీలునామా ఆవిడే రాసుకోవాలి.

మూడోవాడు:
ఈ జవాబు ఆవిడకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కళ్లజోడు, కాగితం అడిగింది.