అప్‌డేట్: మేడ్చల్ గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ ర్యాకులకు తగిలే సమస్య తీరింది

మేడ్చల్‌లోని మా గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ (సరుకు ఎత్తి మోసే బండి) మలుపు తిరిగినప్పుడల్లా ర్యాక్ కాళ్లకు తగులుతోందని, లోడింగ్ ఆలస్యమవుతోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ముందు ర్యాకుల మధ్య దారి వెడల్పు కొలవమన్న సలహాయే అసలు కారణాన్ని పట్టించింది: మా బండి ప్యాలెట్‌తో (సరుకు పేర్చే పలకతో) తిరగడానికి 3.5 మీటర్లకు పైగా కావలసి ఉండగా, ఉన్నది 2.9 మీటర్లే. పరిశీలనకు వచ్చిన ఇంజినీరు, రంగు ఊడి లోపలికి వంగిన మూడు కాళ్లను చూపించి, వాటిని మార్చేవరకు ఆ అరలపై సరుకు పెట్టవద్దన్నారు. ఒక వరుస తీసేసి, మిగిలినవాటిని జరిపి నేలకు బోల్టులతో బిగించాము. రోజూ కదిలే సరుకును డాక్ (లారీలకు సరుకు ఎక్కించే చోటు) దగ్గరికి తెచ్చి, మనుషులు నడిచే దారిని రెయిలింగ్‌తో వేరు చేశాము. 48 ప్యాలెట్ల చోటు తగ్గింది, అయినా లోడింగ్ వేగం పెరిగింది. పరిష్కారం అదేనని నేను పట్టుబట్టిన కొత్త సాఫ్ట్‌వేర్‌కు గానీ, డ్రైవరు నైపుణ్యంపై నా అనుమానానికి గానీ ఈ సమస్యతో సంబంధం లేదు. డ్రైవరుకు క్షమాపణ చెప్పుకున్నాను.