అప్‌డేట్: భోజనాల బంతిలో వెనక్కి పడిపోయే బాబుకి పీట కుదిరింది

పర్లాకిమిడి నుంచి. సెరిబ్రల్ పాల్సీ (మెదడుకి దెబ్బ వల్ల కండరాల పట్టు, కదలిక సరిగా లేకపోవడం) ఉన్న మా ఆరేళ్ల మేనల్లుడు బాసింపట్టు వేస్తే వెనక్కి పడిపోతున్నాడు, అందరితో భోజనాల బంతిలో ఎలా కూర్చోబెట్టాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. జవాబిచ్చినవాళ్లందరికీ ధన్యవాదాలు.

ఫిజియోథెరపిస్టు చూసి చెప్పింది: తొడ వెనక కండరాలు బిగిసిపోయి, నేల మీద కూర్చోగానే నడుముని వెనక్కి లాగేస్తున్నాయి. కొందరు చెప్పిన టానిక్కులకీ దిండ్లకీ దీంతో సంబంధం లేదు. ఛాతీకి బెల్టు కడితే కిందికి జారిపోతాడు. కట్టాల్సి వస్తే తుంటి మీదుగా, 45 డిగ్రీల వాలులో కట్టాలి.

పనిచేసింది 'వీపు చెక్క ఉన్న పీట' అన్న సలహా. ఎత్తు మోకాలి మడత నుంచి మడమ దాకా, వీడికి 11 అంగుళాలు. కూర్చునే పలక మోకాలి మడతకి రెండు వేళ్లు ఇవతలే ఆగాలి. విస్తరి మోచేతి ఎత్తులో, చిన్న బల్ల మీద. వడ్రంగి మొదట 13 అంగుళాలు చేశాడు. పాదాలు నేలకి ఆనక మళ్లీ ఒరిగిపోయాడు. పీట కాళ్లు కోయించాం.

వాడొక్కడికే పీట వేస్తే వేరుగా కనిపిస్తాడు, అది నాకు ఇష్టం లేదు. పిల్లల బంతి మొత్తానికీ పీటలే వేశాం. వడ్డించేవాళ్లు వాళ్లమ్మని కాదు, వాణ్ణే అడగాలి. జవాబు కోసం పది లెక్కపెట్టేంతసేపు ఆగాలి. మొన్న డాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు) రెండోసారి వాడే అడిగి వేయించుకున్నాడు.