3 లక్షల 18 వేలు తిరిగిన ఇన్నోవా, ఇంజిన్ మొత్తం విప్పాలంటున్నారు. ఏం చేయమంటారు?

మిర్యాలగూడ_ఏపీ24:

అందరికీ నమస్తే. 2012లో నాన్న కొన్న ఇన్నోవా, 2.5 డీజిల్. నిన్న పొద్దున మీటరు 3,18,400 చూపించింది. నాన్నది బియ్యం వ్యాపారం, మిల్లుల చుట్టూ తిరగడం, వారానికి రెండు సార్లు హైదరాబాద్, అప్పుడప్పుడు విజయవాడ. కాబట్టి ఎక్కువ భాగం హైవే మీద తిరిగిందే. 2 లక్షల కిలోమీటర్ల వరకు షోరూంలోనే సర్వీసు, తర్వాత ఊళ్లో తెలిసినాయన దగ్గర చేయిస్తున్నాం. టైమింగ్ బెల్టు 1,40,000 దగ్గర మార్చిన బిల్లు ఉంది.

ఇప్పుడు సమస్య ఏంటంటే, పొద్దున్నే మొదటి స్టార్టింగులో టకటకమని చప్పుడు, రెండు మూడు నిమిషాలు తెల్ల పొగ, తర్వాత అదే సర్దుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్పీఎం కాస్త పైకీ కిందికీ ఊగుతోంది. కూలెంట్ నెలకు అర లీటరు దాకా తగ్గుతోంది, మా డ్రైవరు బోరు నీళ్లు పోస్తూ వచ్చాడని ఈ మధ్యే తెలిసింది. మెకానిక్ ఆయిల్ మూత తీసి చూపించాడు, లోపలి నుంచి గాలి బుసబుసా తంతోంది. బ్యాక్ కంప్రెషన్ వచ్చేసింది, పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిన్ మొత్తం చేయాల్సిందే, 1,60,000 అవుతుంది అన్నాడు. ఇంకోవైపు తెలిసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు 4 లక్షలకు తీసుకుంటామంటున్నారు.

పికప్ మాత్రం బాగానే ఉంది. హైవే మీద 12 ఇస్తోంది, మొదటి నుంచీ అంతే. సర్వీసుకీ సర్వీసుకీ మధ్య ఆయిల్ పోయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. నాన్నకు ఈ బండి అంటే ప్రాణం, అమ్మేద్దాం అంటే మాట్లాడడం మానేస్తున్నారు. డబ్బు పెట్టడానికి వెనకాడను కానీ పెట్టి బాధపడకూడదని అడుగుతున్నాను.

ఆటోనగర్_నాజిల్:

తమ్ముడూ, ఇంజిన్ విప్పడానికి ఒప్పుకోవద్దు, ఇప్పుడే వద్దు. నేను విజయవాడ ఆటోనగర్‌లో 19 ఏళ్లుగా డీజిల్ పంపులు, నాజిళ్ల (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు) పనే చేస్తున్నాను, ఈ ఇంజిన్లు ఎన్ని చూశానో లెక్కలేదు. నువ్వు రాసిన దాంట్లోనే జవాబు ఉంది. రింగులు నిజంగా పోతే ఆయిల్ తింటుంది, పికప్ పడిపోతుంది, పొగ పొద్దున రెండు నిమిషాలతో ఆగదు, హైవే మీద తొక్కినప్పుడు కూడా నీలంగా వస్తుంది. నీ బండికి ఇవేవీ లేవు.

మరి మూత తీస్తే గాలి ఎందుకు తంతోందంటావా, ఈ ఇంజిన్‌లో నాజిళ్లు పైనున్న వాల్వ్ కవర్ లోపలికి దిగి కూర్చుంటాయి. ఒక్కో నాజిల్ కింద రాగి వాషర్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది పట్టు వదిలితే, సిలిండర్‌లో కాలిన గ్యాసు నాజిల్ పక్క నుంచి పైకి తన్నుకొచ్చి కవర్ కింద నిండుతుంది. మూత తీస్తే అచ్చం రింగులు పోయిన బండిలాగే బుసకొడుతుంది. చాలామంది ఇక్కడే పొరబడి ఇంజిన్ దించేస్తారు. అంతా చేశాక రాగి వాషర్లు ఎలాగూ కొత్తవి వేస్తారు కాబట్టి సమస్య పోతుంది, రింగులు మార్చడం వల్లే పోయిందని ఇద్దరూ అనుకుంటారు.

అయితే ఇది చిన్న లీకే కదా అని వదిలేయకు, అసలు భయం ఇక్కడే ఉంది. ఆ గ్యాసుతో వచ్చిన మసి ఆయిల్‌లో కలిసి తారులా గట్టిపడి, కింద సంపులో ఆయిల్ లాగే జల్లెడకు పట్టేస్తుంది. జల్లెడ మూసుకుంటే ఆయిల్ పైకి ఎక్కదు, బేరింగులు ఎండిపోతాయి, అప్పుడు మంచి ఇంజిన్ కూడా ఒక్క ప్రయాణంలో పోతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టాక ఆయిల్ లైటు ఆరడానికి ముందుకన్నా ఆలస్యం అవుతోందా చూడు. అవుతుంటే బండి బయటకు తీయకు. ఎవరైనా ఫ్లష్ పోసి కడుగుదాం అంటే కూడా వద్దను, గోడలకు పట్టిన మడ్డి ఒక్కసారిగా ఊడి నేరుగా జల్లెడకే చేరుతుంది. సంపు దించి చేత్తో శుభ్రం చేయించాలి.

వరస ఇలా పెట్టుకో. ముందు డీజిల్ ఫిల్టరు మార్చి, కింద నీళ్లు చేరాయేమో చూడు. తర్వాత స్కానర్ పెట్టించి నాలుగు నాజిళ్ల ఫీడ్‌బ్యాక్ విలువలు (ఐడిల్ సమంగా ఉండడానికి ఒక్కో నాజిల్‌కు డీజిల్ ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకెలు) చూపించమను, ఇంజిన్ వేడెక్కి ఐడిల్‌లో ఉన్నప్పుడు అవి సున్నాకు దగ్గరగా ఉండాలి, ప్లస్సులోగానీ మైనస్సులోగానీ 3 దాటిన నాజిల్‌ను అనుమానించాలి. ఆర్పీఎం ఊగడానికి ఎక్కువసార్లు కారణం పంపు మీదుండే ఎస్సీవీ అనే చిన్న వాల్వు, దాని కోసం పంపు మొత్తం మార్చక్కర్లేదు. నాజిళ్లు బయటకు తీసినప్పుడు బెంచి మీద టెస్ట్ చేయించు, అదే సమయంలో కంప్రెషన్ కూడా కొలిపించు. నాలుగు సిలిండర్లూ మాన్యువల్‌లో చెప్పినంత, దగ్గర దగ్గరగా వస్తే రింగుల మాట మర్చిపోవచ్చు. తీసిన రాగి వాషర్‌ను తుడిచి మళ్లీ వేయనివ్వకు. నాజిల్ కొత్తది వేస్తే దాని మీదున్న కోడ్‌ను ఈసీయూలోకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, అది చేయకుండా బిగించి పంపితే చప్పుడు అలాగే ఉంటుంది.

ఇంకో మాట, వీటన్నిటికన్నా ముందు. 1,40,000 దగ్గర బెల్టు మార్చామన్నావు. ఇప్పుడు 3,18,000. రెండోసారి మార్చారా? అదేం రాయలేదు.

తిరుపతి_ట్రావెల్స్:

నాజిల్ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నాకు రెండు ఇన్నోవాలు, ఒకటి 4,70,000 తిరిగింది, ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు. అంతకుముందు క్వాలిస్ కూడా నడిపాను. మా బండ్లకు రోజూ కొండ ఎక్కడం దిగడమే పని కాబట్టి నేను కూలెంట్, బ్రేకుల సంగతి చెప్తాను.

బోరు నీళ్లు పోశారన్నారు కదా, నల్గొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది కానీ రేడియేటర్‌ను చంపేది ఫ్లోరైడ్ కాదు, నీళ్లలోని సున్నం. టీ కెటిల్ అడుగున తెల్లగా పట్టినట్టే సన్నటి గొట్టాల్లో పడుతుంది. మామూలు రోజుల్లో తెలియదు, మే నెలలో ఏసీ వేసుకుని ఏడుగురితో ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. రేడియేటర్ విప్పించి కడిగించండి, అవసరమైతే మార్చేయండి, తర్వాత కంపెనీ చెప్పిన కూలెంట్ మాత్రమే. కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్. ఆ అర లీటరు ఎటు పోతోందో కూడా పట్టుకోవాలి, ముందు రేడియేటర్ మూత, హోస్ పైపుల క్లిప్పులు, వాటర్ పంపు కింద రంధ్రం దగ్గర గులాబీ రంగు మరక చూడండి. బయట ఎక్కడా తడి లేకపోతే అప్పుడు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) గురించి ఆలోచించొచ్చు.

బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తుందా? చాలామందికి అది మార్చాలనే తెలియదు. గాలిలో తేమను పీల్చుకుంటుంది, తేమ ఉన్న ఆయిల్ వేడికి మరిగితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. తిరుమల నుంచి పాత ఘాట్‌లో దిగేటప్పుడు సెకండ్ గేరులో ఇంజిన్ పట్టుతో దిగకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దిగే బండ్ల చక్రాల నుంచి వాసన వస్తుంది చూడండి, ఆ వేడికే ఆయిల్ మరిగేది. మా బండ్లకు రెండేళ్లకు ఒకసారి మారుస్తాను.

రబ్బరు కిలోమీటర్లతోనే కాదు, వయసుతోనూ పోతుంది. 12 ఏళ్లు దాటిన బండికి హోసులు, ముందు ఆర్మ్ బుష్‌లు, ఇంజిన్ మౌంటింగులు ఒకసారి అన్నీ చూడాలి. టైరు గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, 2318 అంటే 2018లో 23వ వారం తయారీ. గాడి ఎంత ఉన్నా పాత టైర్లతో ఎండాకాలం హైవే ఎక్కకండి. దూర ప్రయాణం నుంచి వచ్చి ఆగగానే తాళం తీసేయకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే టర్బో కూడా నిలుస్తుంది, మా డ్రైవర్లకు నేను మొదటి రోజు చెప్పే మాట ఇదే.

హనుమకొండ_లత:

నేను వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు. ఇంజిన్ బాగుండొచ్చు, నాకు ఆ అనుమానం లేదు. మీ బండి ఏ వేరియంటో చూసుకోండి, ఆ రోజుల్లో కింది వేరియంట్లలో ఎయిర్‌బ్యాగులు లేవు. హైదరాబాద్ విజయవాడ రోడ్డు మీద వారానికి రెండు సార్లు వయసైన మనిషి ప్రయాణం చేసే బండి అంటున్నారు. నేనైతే ముందు అది చూస్తాను. మా ఇంట్లో ఇదే చర్చ వచ్చి, పాత బండిని ఊళ్లో పొలం పనులకు ఉంచుకుని హైవేకు వేరేది కొన్నాం.

కాగితాల సంగతి కూడా ఆలోచించండి. 2027లో 15 ఏళ్లు నిండుతాయి, ఫిట్‌నెస్ చూపించి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవాలి, 15 ఏళ్లు దాటిన కారుకు 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజునే 5,000 చేశారు, దాని మీద గ్రీన్ టాక్స్ వేరు. ఢిల్లీలో పదేళ్ల డీజిల్ బండ్ల మీద పెట్టిన ఆంక్షలు మన దగ్గర లేవు, దానికి భయపడి తక్కువకు అమ్మేసుకోకండి, కొనేవాళ్లు ఆ మాట చెప్పి బేరం ఆడతారు.

ఎడిసన్_గోదారి:

న్యూజెర్సీ నుంచి. నా క్యామ్రీ 2,11,000 మైళ్లు, అంటే మన లెక్కలో దాదాపు 3,40,000 కిలోమీటర్లు. ఇక్కడ ఇంజిన్ కన్నా ముందు బండిని చంపేది తుప్పు, చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కిందంతా పట్టేస్తుంది. మిర్యాలగూడలో ఆ బాధ లేదు, మీరు అదృష్టవంతులు. మచిలీపట్నం, భీమిలి లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ల నుంచి వచ్చిన పాత బండి కొనేవాళ్లు మాత్రం ఛాసిస్ కింద పడుకుని చూడాల్సిందే.

ఇక్కడ ఇర్వ్ గోర్డన్ అనే సైన్స్ టీచరు ఉండేవారు, 1966 వోల్వో పీ1800ఎస్‌ను 30 లక్షల మైళ్లకు పైగా నడిపి గిన్నిస్‌కెక్కారు. 2018లో పోయారు. ఆయన రహస్యం ఏంటని అడిగినవాళ్లకు మాన్యువల్‌లో రాసింది రాసినట్టు చేయడమే అని చెప్పేవారు. నేను ఆయన్ను చూసే ఒక చిన్న నోట్‌బుక్ కారులో పెట్టాను, ఏ రీడింగు దగ్గర ఏం మార్చానో రాస్తాను. మీ మెకానిక్ మారినా, డ్రైవరు మారినా ఆ పుస్తకం ఉంటే బెల్టు మార్చామా లేదా అనే ప్రశ్న రాదు. ఈ ఒక్క పని ఈరోజే మొదలుపెట్టండి.

మిర్యాలగూడ_ఏపీ24:

నాజిల్ అన్నా, మీ ప్రశ్న చదివి బిల్లులన్నీ తీశాను. రెండో బెల్టు బిల్లు ఎక్కడా లేదు. డ్యాష్‌బోర్డులో టి-బెల్ట్ లైటు ఒకప్పుడు వెలిగిందని, ఎవరో ఆపేశారని నాన్న చెప్పారు. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఆటోనగర్_నాజిల్:

స్టార్ట్ చేయకు తమ్ముడూ. లైటు ఆపితే బెల్టు కొత్తదైపోదు. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి హెడ్ మొత్తం పోతుంది, అప్పుడు లక్షా అరవై వేలు కూడా చాలదు. ఉన్న చోటే బెల్టు, దాన్ని బిగువుగా పట్టి నడిపే టెన్షనరు, ఐడ్లరు మార్పించు, ఎలాగూ ముందంతా విప్పుతారు కాబట్టి వాటర్ పంపు కూడా అప్పుడే చూడమను.

మిర్యాలగూడ_ఏపీ24:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. బెల్టు ఇంటి దగ్గరే మార్పించాం. పాతది చూస్తే వీపు మీద అడ్డంగా పగుళ్లు, ఒక అంచు దారాలు లేచిపోయి ఉంది. నాన్న దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. వాటర్ పంపు దగ్గర మీరు చెప్పినట్టే గులాబీ మరక, కూలెంట్ పోతోంది అక్కడి నుంచే.

తర్వాత ట్రాలీ మీద విజయవాడ తీసుకెళ్లాం. ఫీడ్‌బ్యాక్‌లో మూడో నాజిల్ మైనస్ 4.1, మిగతావి పరవాలేదు. రెండు, మూడు నాజిళ్ల కింద రాగి వాషర్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి. కంప్రెషన్ నాలుగింటిలోనూ దాదాపు ఒకటే వచ్చింది. సంపు దించితే జల్లెడ సగం మూసుకుపోయింది, వేలితో గీకితే తారులా వచ్చింది. ఆయిల్ లైటు మా బండికి ఆలస్యంగానే ఆరుతోందని ఇప్పుడు అర్థమైంది, అదే మామూలు అనుకున్నాం. ఒక నాజిల్ కొత్తది వేసి కోడ్ ఎక్కించారు, మూడు శుభ్రం చేశారు, ఎస్సీవీ మార్చారు, రేడియేటర్ కడిగారు. బెల్టు పనితో కలిపి 61,300 అయింది. పొద్దున పొగ లేదు, టకటక లేదు, మూత తీస్తే గాలి తన్నడం లేదు.

లత గారూ, మాది ఎయిర్‌బ్యాగులు లేని వేరియంటే. అమ్మతో మాట్లాడాను. హైవేకు వచ్చే ఏడాది వేరే బండి చూద్దామని నాన్న కూడా ఒప్పుకున్నారు, ఇది మాత్రం ఇంట్లోనే ఉంటుంది.

నోట్‌బుక్ కొన్నాను. మొదటి పేజీలో నాన్న తన చేత్తో రాశారు, 3,18,460, బెల్టు. తిరుపతి అన్నా, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చామో ఎవరికీ గుర్తులేదు, వచ్చే నెల కొండకు వెళ్లాలనుకుంటున్నాం. ఆయిల్‌తో పాటు వెనక చక్రాల బ్రేకుల్లో ఉండే వీల్ సిలిండర్ల రబ్బర్లు కూడా మార్పించాలా, లేక విప్పి చూశాక తేల్చుకోవచ్చా?

తిరుపతి_ట్రావెల్స్:

వెనక డ్రమ్ములు విప్పి రబ్బరు అంచు పైకెత్తి చూడమనండి, లోపల తడి ఉంటే రెండు వైపులా మార్చండి, ఒక్కవైపే వద్దు. పొడిగా ఉంటే ఆయిల్ మారిస్తే చాలు. కొండ దిగేటప్పుడు సెకండ్ గేరు.