ఓక్లహోమా స్టేట్‌లో అమ్మాయిలకు వాలీబాల్ జట్టు లేకపోవడం వివక్షేనా?

డాలస్ అమ్మ:
మా అమ్మాయి హైస్కూల్ జట్టులో వాలీబాల్ ఆడుతోంది. ఇంటికి మరీ దూరం కాదని ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ గురించి ఆరా తీస్తే, అక్కడ మహిళల వాలీబాల్ జట్టే లేదని తెలిసింది. అది ఆడే కాలేజీ క్రీడల లీగ్ బిగ్ 12లో (పేరులో 12 ఉన్నా) ఇప్పుడున్న 16 విశ్వవిద్యాలయాల్లో ఈ లోటు ఉన్నది దీనికొక్కదానికే. 2023 ఆగస్టు 30న నెబ్రాస్కాలో అమ్మాయిల వాలీబాల్ చూడడానికి 92,003 మంది స్టేడియానికి వచ్చారు. విద్యాసంస్థల్లో లింగవివక్ష కూడదనే టైటిల్ నైన్ చట్టం 1972 నుంచీ ఉంది. ఇంత ఆదరణ ఉన్న ఆటను పక్కన పెట్టడం వివక్ష కాదా?

హ్యూస్టన్ లాయరు:
అమ్మా, మీ ఆవేదన న్యాయమైనదే గానీ, ఫలానా ఆట ఉండి తీరాలని ఆ చట్టం చెప్పదు. 1979 నాటి ప్రభుత్వ వివరణ ప్రకారం మూడు పరీక్షల్లో ఏ ఒక్కటి నెగ్గినా చాలు: విద్యార్థుల్లో అమ్మాయిల వాటా ఎంతో క్రీడాకారుల్లోనూ దాదాపు అంతే ఉండాలి, లేదా వారికి అవకాశాలు పెంచుకుంటూ వచ్చిన చరిత్ర ఉండాలి, లేదా వారి ఆసక్తికీ సామర్థ్యానికీ తగిన అవకాశాలన్నీ ఇప్పటికే కల్పించి ఉండాలి. చిక్కంతా అమెరికన్ ఫుట్‌బాల్‌తోనే వస్తుంది. ఆ ఒక్క జట్టులోనే వందమందికి పైగా అబ్బాయిలుంటారు కనుక, మొదటి పరీక్షలో తూకం సరిపోవాలంటే పదిహేను, పద్దెనిమిది మందితో సరిపెట్టుకునే వాలీబాల్ కంటే పడవపందేలు, గుర్రపుస్వారీ వంటి పెద్ద జట్లే ఎక్కువ అక్కరకు వస్తాయి. ఓక్లహోమా స్టేట్‌లో మహిళల గుర్రపుస్వారీ జట్టు ఉంది. పైగా అక్కడ పురుషులకూ వాలీబాల్ లేదు.

కాలేజీ ఉద్యోగి:
డబ్బు సంగతీ చూడాలి. బడ్జెట్ తగ్గినప్పుడు మైన్ విశ్వవిద్యాలయం 2009లో పురుషుల సాకర్‌తో పాటు మహిళల వాలీబాల్‌నూ ఎత్తివేసింది. కాలేజీ క్రీడాకారులు వేసిన దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ఒప్పందంతో, పెద్ద సంస్థలు మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా క్రీడాకారులకు నేరుగా చెల్లించే వీలు కలిగింది. ఆ భారం మోస్తూ కొత్త జట్టు పెట్టడం తేలిక కాదు.

వాలీబాల్ కోచ్:
డబ్బు లేదన్న మాటను నేను ఒప్పుకోలేను. బాస్కెట్‌బాల్ ఆడే ప్రతి కాలేజీకీ ఇండోర్ కోర్టు ఉంటుంది, దానిలోనే రెండు స్తంభాలు, ఒక నెట్ బిగిస్తే ఆట మొదలవుతుంది. గుర్రాలకు కావలసిన శాలలు, దాణా, పశువైద్యం ఖర్చుతో పోలిస్తే ఇది ఎంత? అంకెల కోసం ఆటలను ఎంచుకుంటే ఏమవుతుందో క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయం కేసులో బయటపడింది. ఆ సంస్థ 2009లో మహిళల వాలీబాల్‌ను రద్దుచేసి, పోటీ చీర్‌లీడింగ్‌ను (ఆటగాళ్లను ఉత్సాహపరిచే బృందాలు చేసే విన్యాసాల పోటీని) క్రీడగా చూపించింది. క్రాస్‌కంట్రీ పరుగెత్తే అమ్మాయిలనే ఇండోర్, అవుట్‌డోర్ ట్రాక్ జట్లలోనూ చేర్చి, ఒక్కొక్కరిని మూడుసార్లు లెక్కించింది. వాలీబాల్ క్రీడాకారిణులు, వారి కోచ్ కోర్టుకు వెళ్తే, ఆ చీర్‌లీడింగ్‌ను అప్పటికి క్రీడగా పరిగణించలేమని 2010లో న్యాయమూర్తి తీర్పిచ్చారు, 2012లో అప్పీలు కోర్టూ దాన్ని సమర్థించింది. ఇక సంకల్పం ఉంటే ఏం చేయవచ్చో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం చూపించింది. దశాబ్దాల పాటు మహిళల వాలీబాల్ జట్టు లేని ఆ సంస్థ, జట్టును మళ్లీ పెడతామని 2022లో ప్రకటించి, 2025లో ఆటలోకి దిగింది. ఉద్యోగి గారు చెప్పిన భారం మొదలైన ఏడాదే అది!

హ్యూస్టన్ లాయరు:
కోచ్ గారు చెప్పిన కేసు సరైనదే, కానీ అది లెక్కల్లో మోసానికి వేసిన శిక్షే తప్ప వాలీబాల్‌కు దక్కిన హక్కు కాదు. నిజాయతీగా మొదటి పరీక్ష నెగ్గిన సంస్థను మూడో పరీక్ష పేరుతో నిలదీయలేం.

వాలీబాల్ కోచ్:
నెగ్గిందో లేదో చూడాల్సింది అందుకే. 1994 నాటి చట్టం ప్రకారం ప్రతి కాలేజీ ఏటా తన క్రీడాకారుల సంఖ్యను వెల్లడించాలి. ఓక్లహోమా స్టేట్ విద్యార్థుల్లో అమ్మాయిల శాతం ఎంత, క్రీడాకారుల్లో ఎంత అన్నది ఎవరైనా సరిపోల్చవచ్చు. తేడా పెద్దదైతే, ఆడాలనుకునే అమ్మాయిలు అక్కడ ఉండటమూ, లీగ్‌లోని మిగతా 15 సంస్థలు ప్రత్యర్థులుగా సిద్ధంగా ఉండటమూ మూడో పరీక్షలో బలమైన ఆధారాలవుతాయి. డాలస్ అమ్మగారూ, ముందు ఆ అంకెలు తెప్పించి ఇక్కడ పెట్టండి, వాటి మీదే మాట్లాడుకుందాం.