దేవరకొండలో పాత ఇంటి వైరింగ్ టెస్ట్ చేసే ఎలక్ట్రీషియన్ కావాలి

అందరికీ నమస్తే. దేవరకొండలో మాది పాత పెంకుటిల్లు, మట్టి గోడలు. వైరింగ్ చెక్క పట్టీల మీద వేసింది, రూములకు ఇంకా పింగాణీ ఫ్యూజులే ఉన్నయి. ఎండాకాలంలో మీటరు తర్వాత 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతట అదే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించినం, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకి పడేది. వాన పడితే చాలు, ఎత్తిన రెండు నిమిషాల్లో మళ్లీ టప్పున పడిపోతుంది. వంటింటి స్విచ్‌బోర్డు పక్కన తడి గోడకు టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతుంది. అమ్మ చెయ్యి ఆనిస్తే జిల్లుమన్నదట.

ఫ్రిజ్, మోటరు, మిక్సీ ప్లగ్గులన్నీ పీకి చూసినం. ఆర్‌సీసీబీ కొత్తది మార్చినం. ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోసినం. వంటింటి ఫ్యూజు పీకినా పడుతూనే ఉంది. ఫ్యూజు పీకితే ఫేజు ఒక్కటే తెగుతుంది కాబట్టి, న్యూట్రల్ కూడా ఎక్కడో గోడకు తగులుతుందని నా అనుమానం.

వచ్చిన ఎలక్ట్రీషియన్లలో ఒకాయన ఆర్‌సీసీబీ తీసేస్తే సరిపోతుందన్నడు. ఇంట్లో చిన్నపిల్లలున్నరు, అది మాత్రం తియ్యను. ఇంకొకాయన ఏదీ విప్పి చూడకుండానే పాయింటుకు ఇంత అని ఇల్లంతా కొత్త వైరింగ్‌కు లెక్క చెప్పిండు. వైరు ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మెగ్గర్ మీటరు ఎవరూ తేలేదు. మార్చాల్సి వస్తే మారుస్తం, కానీ ముందు లోపం ఎక్కడుందో తెలవాలి కదా.

దేవరకొండ, మల్లేపల్లి వైపు గానీ నల్లగొండ నుంచి గానీ వచ్చి, మెగ్గర్‌తో ఒక్కో లైను టెస్ట్ చేసి లీకేజీ ఎక్కడుందో చూపించే, వైర్‌మన్ పర్మిట్ ఉన్న ఎలక్ట్రీషియన్ మీకు ఎవరైనా తెలుసా?